బండి వెనక వేసిన మొహరు

నాలుగు రోడ్ల కూడలిలో ఎర్రదీపం పడిన ఆ ఒక్క నిమిషంలో మన ముందు ఆగిన బండ్ల వెనక భాగాలు చదివితే చాలు, ఊరి మనసు సగం తెలిసిపోతుంది. ఒక ఆటో మీద ‘అమ్మ దీవెన’. దాని పక్క ఆటో మీద ‘నన్ను చూసి ఏడవకురా’. స్కూటరు మడ్‌గార్డు మీద పిల్లల పేర్లు. కారు వెనక అద్దం మీద ‘మాషా అల్లాహ్’. మరో కారు మీద ఆంజనేయస్వామి ముఖం, ఇంకోదాని మీద ఏసు ప్రభువు పేరు. కుర్రవాడి మోటారు సైకిలు మీద పుర్రె బొమ్మ. ఒకరు తల్లిని తలచుకున్నారు, ఒకరు దిష్టికి భయపడ్డారు, ఒకరు దైవానికి కృతజ్ఞత చెప్పుకున్నారు, ఒకరు ఎదుటివాణ్ణి బెదిరించారు.

బండి మీద ఏం రాసుకోవాలన్నది చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది. కాని కుటుంబమంతా కూర్చుని ఆలోచించదగ్గ విషయమే ఇది అని మా అభిప్రాయం. ఎందుకంటే, బండి నడిపేటప్పుడు ఆ మాట మన కంటికి కనపడదు. దాన్ని చదివేది మన వెనక వచ్చే అపరిచితుడు. అతనికి మన ముఖం తెలియదు, మన ఇల్లు తెలియదు, మన నమాజు, మన రోజా తెలియవు. అతనికి తెలిసేవి రెండే: మన బండి వెనక ఉన్న మాట, మన బండి నడుస్తున్న తీరు. ఈ రెండూ కలిస్తే అతని దృష్టిలో మనం మంచివారం. కలవకపోతే, అబద్ధాలకోరులం.

కుంచె నుంచి రేడియం దాకా

ఒకప్పుడు ఈ రాతలన్నీ పెయింటరు చేతి పనే. లారీకి బాడీ కట్టడం పూర్తయ్యాక పెయింటరు ఎనామెల్ డబ్బాలు, సన్న కుంచెలు తీసుకుని వచ్చి, యజమాని చెప్పిన మాటను పూలతీగల మధ్య రాసేవాడు. ‘హారన్ ఓకే ప్లీజ్’, ‘మేరా భారత్ మహాన్’, ‘మేమిద్దరం మాకిద్దరు’ వంటివి అలా దేశమంతా తిరిగిన మాటలే. రాయించడానికి సమయం పట్టేది, డబ్బు ఖర్చయ్యేది. అందుకే మనిషి ఒకటికి రెండుసార్లు ఆలోచించి రాయించుకునేవాడు.

ఇప్పుడు ప్రతి పట్టణంలోనూ రేడియం షాపులున్నాయి. కంప్యూటరులో అక్షరాలు కొడితే యంత్రం కత్తిరించి ఇస్తుంది, పది నిమిషాల్లో అంటించి పంపిస్తారు. (పేరు రేడియమే గాని అందులో రేడియం అనే పదార్థమేమీ లేదు. హెడ్‌లైటు వెలుగు పడగానే ఆ వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పి పంపే పొర మాత్రమే అది.) పని సులువైంది, ధర తగ్గింది. దానితోపాటు ఆలోచన కూడా తగ్గింది. స్నేహితుడి బండి మీద ఉందని మనమూ అంటిస్తాం. షాపువాడు గోడకు వేలాడదీసిన వాటిలో ఒకటి చూపించి ‘ఇది బాగుంటుంది భాయ్’ అంటే సరేనంటాం.

కారు వెనక కాగితం అంటించే అలవాటు అమెరికాలో బాగా పెరిగింది. వెనక జిగురు ఉండి, పొర తీసి అంటించే లేబుళ్ళను అక్కడ 1935లో స్టాంటన్ ఏవరీ అనే ఆయన తయారుచేశారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తొలి సంవత్సరాల్లో కాన్సాస్ సిటీలో ఫారెస్ట్ గిల్ అనే ముద్రాపకుడు ఆ జిగురు కాగితం మీద మెరిసే సిరాతో అచ్చువేసి, కారు బంపరుకు అంటించే స్టిక్కర్లు చేశారని చెబుతారు. అంతకు ముందు అట్టముక్కలను తీగతో బంపరుకు కట్టుకునేవారు. విహార స్థలాల ప్రచారానికి, ఎన్నికల ప్రచారానికి ఆ స్టిక్కర్లు బాగా పనికొచ్చాయి. ఆ తరువాత మతం, రాజకీయం, కోపం, హాస్యం అన్నీ బంపరు మీదికి ఎక్కాయి.

మాటను బట్టి కాదు, ముద్రను బట్టి

అదే అమెరికాలో కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం స్లెమ్‌కో, ఆయన సహచరులు 2008లో ఒక పరిశోధన ప్రచురించారు. కారుకు స్టిక్కర్లు అంటించి, అలంకరించి తమదైన ముద్ర వేసుకున్నవారికీ, రోడ్డు మీద కోపం చూపేవారికీ ఏమైనా సంబంధముందా అని వారు పరిశీలించారు. ఇలాంటి ముద్రలు ఎక్కువగా ఉన్నవారిలో, ముందు బండికి అంటుకుపోయేలా వెనక తరమడం, హారను మోగించడం వంటి దుడుకు ప్రవర్తన ఎక్కువగా కనిపించింది. స్టిక్కరు మీద శాంతి వచనం ఉందా, ద్వేష వచనం ఉందా అన్న దానితో పని లేకపోయింది. మాట మంచిదైనంత మాత్రాన నడక మంచిది కాలేదు.

స్టిక్కరు మనిషికి కోపం తెప్పిస్తుందని దీని అర్థం కాదు. ఆ పరిశోధకుల వివరణ వేరే. బండిని ‘ఇది నా సొంత స్థలం’ అని గట్టిగా భావించే మనిషి, రోడ్డును కూడా తన స్థలమే అనుకుంటాడు. రోడ్డు మాత్రం అందరిదీ. అడ్డం వచ్చినవాడు తన ఇంట్లోకి చొరబడినట్లు అతనికి తోస్తుంది, రక్తం ఉడుకుతుంది.

ఈ విషయం చదివినప్పుడు మాకు వెంటనే మన వీధులు గుర్తుకు వచ్చాయి. వెనక దైవనామం, ముందు ఆగకుండా మోగే హారను. వెనక ‘ఓపికకు మించిన సంపద లేదు’ అనే అర్థం వచ్చే ఉర్దూ మాట, ముందు ఎర్రదీపం దాటి దూసుకుపోయే చక్రం. ఇలాంటి బండి ఎదురుపడని ఊరు ఉందా?

మన బండ్ల మీద మన మాటలు

ముస్లింల బండ్ల మీద తరచు కనిపించేవి నాలుగైదు మాటలే. వాటి భావం మన పిల్లలకు తెలుసా అన్నది మా సందేహం.

మొదటిది 786. అరబీ అక్షరాల్లో ప్రతి దానికీ ఒక అంకె విలువ ఉంది. దాన్ని అబ్జద్ లెక్క అంటారు. ‘బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్’లోని అక్షరాలన్నీ ఆ పద్ధతిలో కూడితే 102, 66, 329, 289 కలిసి 786 అవుతుంది. ఉత్తరాల మీద, శుభలేఖల మీద దైవనామం రాస్తే ఆ కాగితం కాళ్ళకింద పడుతుందేమోనన్న గౌరవభావంతో మన పెద్దలు ఈ అంకె వేసేవారు. అంకె వేయడం కంటే బిస్మిల్లాహ్ రాయడమో, నోటితో పలకడమో మేలని చెప్పే ఆలిములు కూడా ఉన్నారు. ఈ వ్యాసం ఫత్వా కాదు, దానికి ముఫ్తీలున్నారు. మేము చెప్పేది ఇంతే: ఈ అంకె పుట్టిందే దైవనామం అగౌరవం పాలు కాకూడదనే జాగ్రత్త నుంచి. అలాంటి అంకెను రవాణా శాఖ వేలంలో వేలకు వేలు పోసి కొని, ఆ బండితోనే జనాన్ని బెదరగొడుతూ పోతే, ఆ జాగ్రత్త ఏమైనట్టు?

రెండవది, ‘ఇదంతా నా ప్రభువు అనుగ్రహం’ అనే అర్థం గల వాక్యం. కొత్త కార్ల మీద, కొత్త ఇళ్ళ మీద ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఇది హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) నోటివెంట వచ్చిన మాటగా దివ్య ఖుర్ఆన్ ఇరవై ఏడవ సూరాలో ఉంది. సబా రాణి సింహాసనం కళ్ళముందు నిలిచినప్పుడు ఆయన గర్వించలేదు. తాను కృతజ్ఞత చూపుతాడో కృతఘ్నుడవుతాడో చూడడానికి దైవం పెట్టిన పరీక్షగానే దాన్ని భావించారు. అంటే ఈ వాక్యం సంపదను చూపించుకునే పలక కాదు, పరీక్ష మొదలైందని గుర్తుచేసే గంట. మనం మొదటి సగమే అంటిస్తున్నాం, రెండో సగం మరచిపోతున్నాం.

మూడవది, ప్రయాణ దుఆ. చాలామంది దీన్ని ముందు అద్దం దగ్గర, స్టీరింగు ఎదుట అంటిస్తారు. ఇది మంచి పద్ధతి. ఎందుకంటే దాన్ని చదవవలసింది నడిపేవాడే. ఈ వాహనాన్ని మనకు లోబరచినవాడు దైవమేననీ, మన శక్తితో అది సాధ్యం కాదనీ, చివరికి ఆయన వద్దకే మరలిపోతామనీ ఆ దుఆ సారాంశం. బండి తాళం తిప్పేటప్పుడు మరణాన్ని కూడా గుర్తుచేసే ప్రార్థన అది. మనసు పెట్టి చదివినవాడు వేగం పెంచగలడా?

మొహరు అంటే బాధ్యత

మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఇరుగుపొరుగు రాజులకు లేఖలు రాయించాలనుకున్నప్పుడు, మొహరు లేని లేఖను వారు స్వీకరించరని సహచరులు చెప్పారు. అప్పుడు ఆయన వెండి ఉంగరం చేయించి, దాని మీద ‘ముహమ్మద్’, ‘రసూల్’, ‘అల్లాహ్’ అనే మాటలు మూడు పంక్తుల్లో చెక్కించారు. ఇంకెవరూ తమ ఉంగరం మీద అదే రాత చెక్కించుకోవద్దని కూడా చెప్పారు. ఆ ఉంగరం ఆయన తరువాత హజ్రత్ అబూబక్ర్, హజ్రత్ ఉమర్, హజ్రత్ ఉస్మాన్ (రజియల్లాహు అన్‌హుమ్)ల వేలికి చేరింది. హజ్రత్ ఉస్మాన్ కాలంలో అరీస్ అనే బావిలో పడిపోయింది, ఎంత వెతికినా దొరకలేదు.

ఇందులో మనకు గొప్ప పాఠముంది. ఆ రాత అలంకారం కోసం పుట్టలేదు, అవసరం కోసం పుట్టింది. మొహరు వేశామంటే దాని పైన ఉన్న ప్రతి మాటకూ మనదే పూచీ. బండి వెనక దైవనామం అంటించడం కూడా ఒక రకంగా మొహరు వేయడమే. ఆ బండి ఏం చేసినా, ‘నా ధర్మం పేరు మీద చేస్తున్నాను’ అని సంతకం పెట్టినట్టే. ఒకరి కాలువలోని బురద మరొకరి బట్టల మీద చిమ్మినా, ఒకరి గేటుకు అడ్డంగా బండి నిలిపినా, ఆ సంతకం కిందనే జరుగుతుంది. ‘ఫలానా సాయిబు ఇలా చేశాడు’ అని ఎవరూ అనరు. ‘వీళ్ళింతే’ అంటారు. ఒకడి తొందరపాటు లక్షమంది తలకు చుట్టుకుంటుంది.

ప్రయాణం ముసుగు తీస్తుంది

అరబీలో ప్రయాణాన్ని ‘సఫర్’ అంటారు. ముసుగు తీయడం, బయటపెట్టడం అనే అర్థం కూడా ఆ ధాతువుకు ఉంది. మనుషుల నడవడిని బయటపెడుతుంది గనుకనే దానికి ఆ పేరు వచ్చిందని పండితులు చెబుతారు. హజ్రత్ ఉమర్ (రజి) ఎదుట ఒకాయన మరొకరిని మంచివాడని చెప్పబోతే, ‘నీవు అతని పొరుగున ఉన్నావా? అతనితో డబ్బు లావాదేవీ చేశావా? అతనితో ప్రయాణం చేశావా?’ అనే భావంతో ప్రశ్నించారనీ, మూడింటికీ లేదని జవాబు రాగా, ‘అయితే నీకు అతను తెలియడు’ అన్నారనీ పెద్దలు చెబుతారు. మసీదులో తల వంచి లేవడం చూసినంత మాత్రాన మనిషి తెలియడని ఆయన ఉద్దేశం.

ఆనాడు ఒంటెల మీద ప్రయాణించినవారికి వర్తించిన కొలబద్ద ఈనాడు ఔటర్ రింగు రోడ్డు మీద పోయేవారికీ వర్తిస్తుంది. వెనక అద్దం మీద ఏముందన్నది మసీదులో తల వంచడం లాంటిది. ఇరుకు సందులో ఎదురొచ్చిన బండికి ఎవరు వెనక్కి తగ్గారన్నది ప్రయాణం లాంటిది.

హజ్రత్ లుఖ్మాన్ తన కుమారుడికి చేసిన హితబోధ మన ఇళ్ళలో పిల్లలకు చెబుతూనే ఉంటాం. నేల మీద నిక్కుతూ నడవవద్దనీ, నడకలో మధ్యేమార్గం పాటించమనీ, గొంతు తగ్గించుకొమ్మనీ, గాడిద ఓండ్రకు మించిన కర్కశ స్వరం లేదనీ ఆయన చెప్పిన దాని సారం. నిక్కుతూ నడవడమంటే ఇవాళ ఒక చక్రం మీద బండి లేపడం, గొంతు తగ్గించడమంటే హారను తగ్గించడం అని మేము మా విద్యార్థులకు చెబుతాం. ‘హారన్ ఓకే ప్లీజ్’ అనే రాత అనవసరంగా హారను మోగించమని జనాన్ని పురికొల్పుతోందని మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో దాన్ని నిషేధించింది. మనకైతే లుఖ్మాన్ గారు ఎంతో ముందే చెప్పి పెట్టారు.

ఈ మాట ఎవరిని కట్టివేస్తోంది?

స్టిక్కరు కొనే ముందు ఒక్క ప్రశ్న వేసుకోమని మా సలహా: ఈ మాట ఎవరి మీద బాధ్యత పెడుతోంది?

కొన్ని మాటలు చదివేవాడి మీద బాధ్యత పెడతాయి. ఏడవకు, ముట్టుకోకు, దూరంగా ఉండు అంటాయి. అవన్నీ ఎదుటివాడిని దొంగగానో, ఓర్వలేనివాడిగానో ముందే నిర్ణయిస్తాయి. పరిచయం లేని మనిషిని అలా అనుమానించడం మన సంస్కారం కాదు.

కొన్ని మాటలు ఎవరి మీదా బాధ్యత పెట్టవు, యజమాని గొప్పను మాత్రం చాటుతాయి. అర్హత లేకుండా అంటించే ‘ప్రెస్’, ‘పోలీస్’, శాసనసభ్యుల పేరిట అంటించే గుర్తులు ఈ రకంలోనివే. అవి గొప్ప మాత్రమే కాదు, మోసం కూడా. కార్ల మీద ఎర్రబుగ్గలనే దేశంలో 2017 మే 1 నుంచి తీసివేశారు. అలాంటప్పుడు లేని హోదాను కాగితం మీద తగిలించుకోవడమెందుకు?

మూడవ రకం మాటలు రాసుకున్నవాణ్ణే కట్టివేస్తాయి. కొన్ని ఆటోల మీద ‘గర్భిణీ స్త్రీలకు, వికలాంగులకు ఉచితం’ అని రాసి ఉండటం మనం చూస్తూనే ఉంటాం. రోజంతా తిరిగినా కిస్తీ కట్టడానికి ఇబ్బందిపడే మనిషి రాసుకున్న మాట అది. అతను ఇచ్చిన మాటను నడివీధిలో ఎవరైనా చదివి అతన్ని అడగవచ్చు. మా దృష్టిలో ఇంతకు మించిన స్టిక్కరు లేదు. దైవనామం కూడా ఈ మూడో రకంగా ఉండాలి. ‘మాషా అల్లాహ్’ అని రాసుకున్నవాడు తన బండికి దిష్టి తగలకూడదని కోరుకోవడంతోనే ఆగకుండా, తన బండి వల్ల ఎవరికీ హాని తగలకూడదని కూడా తనను తాను కట్టివేసుకోవాలి.

తల్లిదండ్రులకు ఒక మాట

ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. వారిలో సుమారు 50 వేల మంది హెల్మెటు పెట్టుకోని ద్విచక్ర వాహనాలవారు. మితిమీరిన వేగమే అన్నిటికంటే పెద్ద కారణం. ఒంటెను కట్టివేసి ఆ తరువాత దైవం మీద భారం వేయమని మహాప్రవక్త (స) బోధించారు. హెల్మెటు తలకు కాకుండా హ్యాండిలుకు తగిలించి, పెట్రోలు ట్యాంకు మీద దుఆ అంటించినవాడు ఒంటెను విప్పి వదిలేసినవాడే.

పద్దెనిమిదేళ్ళు నిండని కొడుక్కి బండి ఇవ్వడం ముద్దు కాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో, సంరక్షకుడికో, బండి యజమానికో 25 వేల రూపాయల జరిమానాతోపాటు 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష పడవచ్చు. వయసు వచ్చిన కొడుకు బండి అడిగినప్పుడు, రంగు గురించి, కిస్తీ గురించి మాట్లాడినట్లే, దాని మీద ఏం రాస్తావని కూడా అడగండి. పుర్రె బొమ్మ ఎందుకు ఇష్టమో, ఎవరిని భయపెట్టాలనుకుంటున్నాడో కోప్పడకుండా అడగండి. అబ్బాయి మనసు ఆ జవాబులో తెలుస్తుంది.

ఊళ్ళో ఉద్రిక్తత ఉన్న రోజుల్లో ఇదే స్టిక్కరు ఇంట్లో గొడవకు కారణమవుతుంది. పెద్దవాళ్ళు భయపడి రాత్రికి రాత్రి పీకేయమంటారు. కుర్రవాళ్ళు రోషంతో ఇంకా పెద్దది అంటిస్తామంటారు. ఇద్దరి బాధా అర్థం చేసుకోదగిందే. జాగ్రత్త పడటం పిరికితనం కాదు. అయితే పీకినంత మాత్రాన మన పేరు మారదు, పెద్దది చేసినంత మాత్రాన మన గౌరవం పెరగదు. ఆ వీధిలో మనకు రక్ష, మామూలు రోజుల్లో మనం దారి ఇచ్చిన మనుషులే.

కొన్ని జాగ్రత్తలు

నంబరు ప్లేటు మీద రిజిస్ట్రేషను అంకెలు తప్ప మరే మాటా, బొమ్మా ఉండకూడదు. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త వాహనాలన్నిటికీ హై సెక్యూరిటీ ప్లేట్లే వస్తున్నాయి. కాబట్టి అంకెలను వంకర తిప్పి ఉర్దూ అక్షరాల్లా రాయించడం, 786ను పెద్దది చేసి మిగతావి చిన్నవి చేయడం మానుకోవాలి.

వెనక అద్దం నిండా పరిచిన రాత, ఎంత పవిత్రమైనదైనా, వెనక వచ్చే బండిని మన కంటికి కనపడకుండా చేస్తుంది. నిబంధనల ప్రకారం ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు రావాలి.

దైవనామాన్ని మడ్‌గార్డు మీద, బంపరు మీద, కాళ్ళు తగిలే చోట అంటించవద్దు. అక్కడ పడేది బురదే. లోపల, కంటికి ఎదురుగా, నడిపేవాడు చదువుకునే చోట ఉంచండి.

బండి అమ్మేటప్పుడు దైవనామాలను మీ చేతులతోనే తీయండి. కొన్నవాడు గోరుతో గీకి కాలువలో పడేస్తాడు, లేదా బండి తుక్కు కొట్టుకు పోతుంది. జుట్టు ఆరబెట్టే హెయిర్ డ్రయ్యరుతో కాసేపు వేడిచేస్తే జిగురు మెత్తబడి స్టిక్కరు చిరగకుండా వస్తుంది. మిగిలిన జిగురును సబ్బునీళ్ళతో తుడవవచ్చు. తీసిన దాన్ని పాత మత గ్రంథాల కాగితాలను భద్రపరిచే చోట చేర్చండి.

రోడ్డు మీద నుంచి బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో భాగమని మహాప్రవక్త (స) తెలిపారు. ఒక్కోసారి ఆ బాధ కలిగించే వస్తువు మన బండే అవుతుంది. దాన్ని పక్కకు తీసి, అంబులెన్సుకు దారి ఇచ్చి, బడిపిల్లలు రోడ్డు దాటేదాకా ఆగితే, ఆ పిల్లల తల్లి వెనక అద్దం మీది మాట చదువుతుంది. ఆ మాట ఏ భాషలో ఉన్నా ఆమెకు అర్థమవుతుంది.

మన నోటి మాటనూ, బండి మీది రాతనూ, మన నడవడినీ ఒకటిగా చేయమని అల్లాహ్‌ను వేడుకుందాం. మన పిల్లలను దారిలో క్షేమంగా ఉంచి, వారి వల్ల ఇతరులను కూడా క్షేమంగా ఉంచుగాక. ఆమీన్.